కల్లు ఆపితే మా నాన్నకు ఫిట్స్ ఎందుకొచ్చాయి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది జగద్గిరిగుట్ట. నాన్న తాపీ మేస్త్రీ, వయసు 52. చాలా ఏళ్లుగా పని దిగాక కల్లు కాంపౌండుకు వెళ్లి తాగి వస్తాడు. మొదట్లో ఒక్క సీసా. ఇప్పుడు సాయంత్రం నాలుగు, పొద్దున పనికి పోయే ముందు ఒకటి. బ్రాందీ, విస్కీ ముట్టడు. 'ఇది చెట్టు కల్లు, ఒంటికి చలువ' అంటాడు. 2025 జూలైలో కూకట్‌పల్లి దగ్గర కల్తీ కల్లు గొడవ జరిగినప్పుడు మా దగ్గరి కాంపౌండు మూసేశారు. మొదటి రాత్రి నాన్నకు నిద్ర పట్టలేదు. రెండో రోజు చేతులు వణకడం, చెమటలు. ఎప్పుడో చనిపోయిన మా పెదనాన్నతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ ఎక్కించాడు. తగ్గలేదు. చివరికి అమ్మ ఎక్కడినుంచో రెండు సీసాలు తెచ్చి తాగిస్తే గంటలో కుదుటపడ్డాడు. తనే పాపం చేసినట్టు అమ్మ ఇప్పటికీ ఏడుస్తుంది. నాన్న మళ్లీ రోజూ తాగుతున్నాడు. రాత్రి నా తల మీద చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేస్తాడు. పొద్దున అడిగితే 'నేనెప్పుడన్న?' అంటాడు. 'తాగితే మజా ఏం లేదు బిడ్డా, కాని పానం గుంజుతది' అంటాడు. వారం రోజులు గదిలో పెట్టి తాళమేస్తే అదే పోతుందని అన్న అంటున్నాడు. ఎర్రగడ్డకు తీసుకుపోదామంటే 'నీ పెళ్లి ఎట్లయితది' అని అమ్మ భయపడుతోంది. నాన్న మెదడు పాడైపోయిందా? ఆయన మాతో అబద్ధాలాడుతున్నాడా? మేం ఏం చెయ్యాలి? ఇంకో మాట. జలుబుకు మంచిదని మా అన్న కొడుక్కి, ఆరేళ్ల పిల్లాడికి, నాన్న అప్పుడప్పుడు ఓ గుక్క పోస్తాడు. అది పర్వాలేదా?
– ఒక కూతురు, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు మీ అన్నతో ఈ రోజే మాట్లాడండి. నాన్నను గదిలో పెట్టి తాళం వేయొద్దు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే, ఆయనకు కల్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. ఏ మత్తు మానినా బాధ ఉంటుంది. గంజాయి మానితే చికాకు, నిద్ర పట్టకపోవడం. హెరాయిన్ మానితే ఒళ్లంతా విరిచేసే నొప్పులు, వాంతులు, విరేచనాలు. అవి మనిషిని ఎంత ఏడిపించినా ప్రాణం మీదికి రావడం తక్కువ. ఆపడం వల్లనే మనిషి చనిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్నవి రెండు: మద్యం, నిద్రమాత్రల జాతికి చెందిన మందులు. మీ నాన్న సీసాలో ఆ రెండూ ఉన్నాయని మీ ఉత్తరం చదివితే నాకు గట్టిగా అనిపిస్తోంది.

చెట్టు కల్లు సంగతి చూద్దాం. తాటి చెట్టు నుంచో ఈత చెట్టు నుంచో దింపినప్పుడు అది తియ్యగా ఉంటుంది. ఈస్టు చేరి కొద్ది గంటల్లోనే పులుస్తుంది, ఆల్కహాలు పుడుతుంది. మరునాటికి పుల్లబడి తాగడానికి పనికిరాదు. అది కూడా మద్యమే. రోజూ తాగితే అదీ అలవాటవుతుంది. కాకపోతే నగరంలో రోజూ అమ్ముడుపోయే కల్లుకు సరిపడా చెట్లు దగ్గర్లో లేవు, దూరం నుంచి తెచ్చేలోపు పులుపెక్కుతుంది. ఆ లోటును నీళ్లతో, శాకరిన్‌తో, మత్తుమందుతో పూడ్చేవాళ్లు పుట్టుకొచ్చారు. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవారు. తర్వాత డైజిపామ్ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా పట్టుబడుతున్నది ఆల్ప్రాజోలం. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుణ్ని నేను ఒక్క మాట కూడా అనను. ఈ పొడి అతని కుండలోది కాదు.

ఆల్ప్రాజోలం తీవ్రమైన ఆందోళనకు, పానిక్ జబ్బుకు డాక్టర్లు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము లెక్కన మొదలుపెట్టే మందు. ఒక కిలో పొడిలో పావు మిల్లీగ్రాము మోతాదులు 40 లక్షలు ఉంటాయి. చిన్న పొట్లంతో పెద్ద డ్రమ్ముడు నీళ్లకు 'కిక్కు' వస్తుంది కాబట్టే దాన్ని వాడుతున్నారు. ఆ కలపడంలో కొలత ఉండదు. పైన ముంచిన సీసాలో కొంచెం పడితే అడుగున ముంచిన సీసాలో అంతకు ఎన్నో రెట్లు పడొచ్చు. మీరు రాసిన ఆ జూలై నెలలోనే కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి ఎందరో ఆస్పత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక ఆ మూడు రోజులు మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. ఇది అర్థమైతే మీ అమ్మగారి ఏడుపు కూడా కొంత తగ్గుతుంది.

మెదడులోని నరాల కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వాటిలో గ్లుటమేట్ అనేది కణాన్ని ఉత్తేజపరుస్తుంది. గాబా అనేది శాంతపరుస్తుంది, అంటే మెదడుకు అది బ్రేకు. గాబా వచ్చి కణం మీదున్న తన గ్రాహకానికి అతుక్కుంటే అక్కడ చిన్న ద్వారం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్తాయి. ఆ కణం నెమ్మదిస్తుంది. ఆల్ప్రాజోలం అదే గ్రాహకం మీద మరో చోట కూర్చుని, గాబా వచ్చినప్పుడల్లా ఆ ద్వారం మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది. కల్లులోని ఆల్కహాలు కూడా ఇదే వైపు పనిచేస్తుంది. క్లోరల్ హైడ్రేట్ ఉన్నా అంతే. ఒంటి నొప్పులు, అప్పుల టెన్షన్, రేపటి బెంగ అన్నీ కాసేపు సద్దుమణుగుతాయి. రోజంతా ఇటుకలు మోసి, స్లాబులు పోసి వచ్చిన మనిషికి అది ఎంత హాయిగా ఉంటుందో మనం కూడా ఒప్పుకోవాలి. ఆ హాయి నిజం కాబట్టే ఆయన మరునాడు మళ్లీ వెళ్లాడు.

మెదడు మాత్రం ఊరుకోదు. రోజూ ఎవరో బయటి నుంచి బ్రేకు తొక్కుతుంటే అది తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. గాబా గ్రాహకాలు మందుకు స్పందించడం తగ్గిపోతుంది. ఉత్తేజపరిచే గ్లుటమేట్ వైపు బలం పెరుగుతుంది. అప్పుడు పాత మోతాదు సరిపోదు. మీ నాన్న ఒక సీసా నుంచి ఐదుకు వెళ్లింది ఇలాగే. పొద్దున పనికి ముందు తాగే సీసా మత్తు కోసం కూడా కాదు. రాత్రి తాగిన మందు తెల్లారేసరికి దిగిపోతుంది కాబట్టి, చేతుల వణుకు ఆగి తాపీ పట్టుకోవడానికి. ఆల్ప్రాజోలం రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. డైజిపామ్‌లాగా రోజుల తరబడి ఒంట్లో ఉండే మందు కాదు. అందుకే దీన్ని ఆపితే దెబ్బ తొందరగా, గట్టిగా తగులుతుంది.

కాంపౌండు మూసిన రోజు బయటి బ్రేకు ఒక్కసారిగా పోయింది. సొంత బ్రేకు అప్పటికే వదులై ఉంది. వణుకు, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, లేని మనుషులు కనిపించడం, చివరికి ఫిట్స్ అన్నీ అదుపు తప్పిన ఆ ఉత్తేజం వల్ల వచ్చినవే. మీ పెదనాన్న ఆత్మ వచ్చి మాట్లాడలేదు, గాలి సోకలేదు. 2015లో తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఊళ్లకు ఊళ్లే ఇలా పిచ్చిచూపులు చూస్తూ ఆస్పత్రులకు వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ ఆస్పత్రి ఓపీ కిక్కిరిసిపోయింది. అందరివీ ఇవే లక్షణాలు.

మీ అమ్మగారు తెచ్చిన రెండు సీసాలు ఆ గంటలో చేసిన పని, మెదడుకు కావలసిన మందును తిరిగి అందించడం. ఆస్పత్రిలో మేం కూడా ముందు అదే జాతి మందు ఇస్తాం. కాకపోతే మాకు ఎంత ఇస్తున్నామో తెలుసు, పక్కన నర్సు ఉంటుంది, బీపీ, శ్వాస చూస్తూ ఇస్తాం. సీసాలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆమె చేసింది చాలా ప్రమాదంతో కూడిన పని. కానీ అది పాపం కాదు. కళ్లముందు భర్త కొట్టుకుంటుంటే చేతికి అందిన దానితో నిలబెట్టుకుంది. ఆమెకు ఈ మాట చదివి వినిపించండి.

గ్లూకోజ్ గురించి ఒక మాట. రోజూ తాగేవాళ్లలో విటమిన్ బి1 బాగా తగ్గిపోయి ఉంటుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు మరో రకం హాని జరిగే ప్రమాదం ఉంది. చూపు తిరగడం, నడక తూలడం, మతిమరుపు ఆ కోవలోవే. ఆస్పత్రిలో ముందు బి1 ఇంజెక్షన్ ఇచ్చేది ఇందుకే. మళ్లీ అవసరం పడితే ఆర్‌ఎంపీని పిలవకండి.

ఇప్పటిదాకా చెప్పింది ఒక జబ్బు. మీ ఉత్తరంలో రెండో జబ్బు కూడా ఉంది. అది నాన్న నోటితోనే వచ్చింది: 'మజా లేదు, కాని పానం గుంజుతది.' ఆ ఒక్క వాక్యాన్ని శాస్త్రవేత్తలు అర్థం చేసుకోవడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

మెదడు నడిమి భాగంలో, లోతుగా, డోపమైన్ తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయి. తిండి, నీళ్లు, బిడ్డ నవ్వు లాంటి బతుక్కు పనికొచ్చేది ఏదైనా ఎదురైతే అవి చురుకవుతాయి. మామూలుగా పక్కనున్న కొన్ని గాబా కణాలు వాటిని అదుపులో పెడుతుంటాయి. జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఎలుకల మీద చూపించింది ఏమిటంటే, ఆల్ప్రాజోలం జాతి మందులు ముందుగా ఆ అదుపు చేసే కణాలనే నిద్రపుచ్చుతాయి. అదుపు పోగానే డోపమైన్ పెరుగుతుంది. హెరాయిన్, గంజాయి కూడా ఈ దారినే డోపమైన్‌ను పెంచుతాయి. కొకైన్ దారి వేరు, చేరే చోటు మాత్రం ఇదే.

చాలామంది డోపమైన్ అంటే ఆనందం అనుకుంటారు. అది సరికాదు. 1990ల్లో వుల్ఫ్‌రమ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల డోపమైన్ కణాలను గమనించాడు. కోతి నోట్లో పళ్లరసం పడినప్పుడు ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ఒక లైటు వెలిగించడం అలవాటు చేశాక రసానికి స్పందించడం మానేశాయి. లైటుకు స్పందించడం మొదలుపెట్టాయి. అంటే డోపమైన్ చెప్పేది 'బాగుంది' అని కాదు, 'అదిగో వస్తోంది, పద' అని. మీ నాన్నకు ఆ లైటు సాయంత్రం ఆరు గంటలు కావచ్చు. చేతిలో పడిన కూలి డబ్బు కావచ్చు. కాంపౌండు మలుపులో వచ్చే పుల్లటి వాసన కావచ్చు, 'పోదమా అన్నా' అనే తోటి మేస్త్రీ పిలుపు కావచ్చు. సీసా ఇంకా ముట్టుకోకముందే మెదడు పరుగు మొదలుపెడుతుంది.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఇంకో అడుగు ముందుకు వేశారు. డోపమైన్ దాదాపు పూర్తిగా పోయిన ఎలుక నోట్లో తీపి వేస్తే అది ఇష్టంగానే చప్పరిస్తుంది. కానీ తిండి పక్కనే ఉన్నా వెళ్లి తినదు, వదిలేస్తే ఆకలితో చచ్చిపోతుంది. ఇష్టపడటం, కావాలనిపించడం మెదడులో రెండు వేర్వేరు పనులని అలా తేలింది. 1993లో వాళ్లు చెప్పిన సిద్ధాంతం ఏమిటంటే, మత్తుకు అలవాటుపడిన మెదడులో ఇష్టం పెరగదు, ఒక్కోసారి తరిగిపోతుంది కూడా. కావాలనిపించడం మాత్రం ఏటికేడాది ముదురుతుంది. మజా లేకపోయినా పానం గుంజడం అంటే ఇదే. ఏ పుస్తకం చదవని మీ నాన్న దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన సాకు చెప్పలేదు, తన జబ్బు లక్షణం చెప్పుకున్నాడు.

నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఇలాంటి పరుగును ఆపాలి. 'వద్దు, ఇంట్లో బియ్యం కొనాలి' అనేది అదే. మత్తుకు బానిసైనవాళ్ల మెదడు స్కానింగుల్లో నోరా వోల్కోవ్ లాంటి పరిశోధకులు ఆ భాగం పనితీరు తగ్గి ఉండటాన్ని మళ్లీ మళ్లీ చూశారు. అది చచ్చిపోయిందని కాదు. ఆయన పనిలో గోడ తూకం చూస్తున్నాడు, సిమెంటు లెక్క తప్పడం లేదు. కానీ ఆ సాయంత్రం వేళ, ఆ మలుపు దగ్గర, ఆ ఒక్క విషయంలో దాని మాట చెల్లడం లేదు. సిగ్గులేదు, పట్టుదల లేదు అని ఇంట్లో ఎవరైనా తిడుతుంటే ఆపించండి. సిగ్గు ఎక్కువై కుంగిపోయి తాగేవాళ్లను నేను చాలామందిని చూశాను. తిట్లు ఆ సిగ్గుకు ఇంకాస్త తోడవుతాయంతే.

అబద్ధాల మాటకొద్దాం. రాత్రి ఒట్టు, పొద్దున 'నేనెప్పుడన్న?' అనడం. ఆల్ప్రాజోలం జాతి మందులకు ఒక ప్రత్యేకత ఉంది. మత్తులో ఉన్నంతసేపు కొత్త జ్ఞాపకాలు నిలవకుండా చేస్తాయి. మనిషి మాట్లాడుతుంటాడు, నడుస్తుంటాడు, కన్నీళ్లు పెట్టుకుని ఒట్టేస్తాడు. ఆ సమయంలో జరిగింది మాత్రం మెదడులో సరిగ్గా దాఖలు కాదు. కొన్ని ఆపరేషన్లకు ముందు ఇదే జాతి మందు ఇవ్వడానికి ఒక కారణం కూడా ఇదే, రోగికి ఆ భయం గుర్తుండకుండా. అందుకని మీ తల మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు ఆయనకు నిజంగానే గుర్తు లేకపోవచ్చు. ఆయన చెప్పే ప్రతి మాటా నిజమని నేను అనను, డబ్బు విషయంలో దాచి ఉండొచ్చు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన్ని దొంగను చేయకండి. ఇక ముందు ఆస్పత్రి గురించి, డబ్బు గురించి ఏ మాట మాట్లాడాలన్నా రాత్రిపూట వద్దు. పొద్దున వణుకు తగ్గాక, మధ్యాహ్నం అన్నం వేళ, తల తేటగా ఉన్నప్పుడు మాట్లాడండి. ఆయన ఒప్పుకున్నది ఆయన చేతనే ఓ కాగితం మీద రాయించండి. చదువు రాకపోతే మీరే రాసి చదివి వినిపించండి.

మెదడు పాడైపోయిందా అని అడిగారు. మారింది. ఆ మార్పులో చాలా భాగం వెనక్కి వస్తుంది. మద్యం మానేసినవాళ్ల స్కానింగుల్లో కుంచించుకుపోయిన భాగాలు కొన్ని వారాల నుంచి నెలల్లోనే కొంత పుంజుకోవడం కనిపిస్తుంది. నిద్రమందులు ఆపాక జ్ఞాపకశక్తి, చురుకుదనం మెరుగుపడతాయి. పూర్తిగా కుదురుకోవడానికి నెలలు పట్టొచ్చు, కొందరిలో కొంత లోటు మిగిలిపోవచ్చు. నేను మీకు దాచకుండా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. వదులైన బ్రేకు బిగుసుకోవడానికి వారాలో నెలలో చాలు. సాయంత్రం ఆరింటి గుంజుడు దానికంటే చాలా ఎక్కువ కాలం ఉంటుంది. ఆస్పత్రిలో పదిహేను రోజులుండి వణుకు తగ్గగానే నయమైపోయిందనుకుని ఇంటికొచ్చి, నెల తిరిగేలోపు మళ్లీ కాంపౌండులో కూర్చునేవాళ్లకు మొదటి జబ్బు ఒక్కటే తగ్గింది. రెండోదానికి ఎవరూ చికిత్స చేయలేదు.

ఇప్పుడు చేయాల్సింది. ఈ వారంలోనే ఆయన్ని సైకియాట్రీ విభాగం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెళ్లేదాకా బలవంతంగా ఆపించొద్దు, పెంచనూ వద్దు. మెడికల్ షాపులో నిద్రమాత్రలు కొని మీరే ఇవ్వొద్దు. ఎర్రగడ్డ వద్దనుకుంటే గాంధీలో, ఉస్మానియాలో కూడా సైకియాట్రీ ఓపీ ఉంది. నా సలహా అడిగితే మాత్రం ఎర్రగడ్డకే వెళ్లమంటాను. కల్తీ కల్లు మానిన మనిషి ఎలా ఉంటాడో అక్కడి డాక్టర్లకు, నర్సులకు తెలిసినంతగా మరెక్కడా తెలియదు. మన ఊళ్లో 'ఎర్రగడ్డ' అనే పేరునే తిట్టుగా వాడతారు, మీ అమ్మగారి భయం అక్కడి నుంచే వచ్చింది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆమెతో ఇలా అనండి: బస్తీ అంతా చూస్తుండగా నాన్న ఫిట్స్‌తో పడిపోవడం కంటే ఆస్పత్రి ఓపీ చీటీ చిన్న విషయం. పెళ్లి సంబంధం వాళ్లకు చెప్పుకోవడానికైనా, వైద్యం చేయించుకుని మానేసిన తండ్రి ఉండటమే మేలు.

డాక్టరుకు వివరాలు చెప్పేటప్పుడు సిగ్గుపడి తగ్గించొద్దు. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎన్ని గంటలకు తాగాడు, ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, తలకు దెబ్బ తగిలిందా, బీపీ, షుగరు ఉన్నాయా, ఇవన్నీ చెప్పండి. ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషి కాబట్టి చేర్చుకోమని మీరే అడగండి. సాధారణంగా ఆల్ప్రాజోలం బదులు నెమ్మదిగా దిగే డైజిపామ్ లాంటి మందు ఇచ్చి, లక్షణాలు చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఏళ్ల తరబడి తీసుకున్నవాళ్లకు ఈ తగ్గించడం వారాలు, ఒక్కోసారి నెలలు సాగుతుంది. 'మళ్లీ మందుకే అలవాటు చేస్తున్నారు' అని చుట్టాలు అంటారు. పట్టించుకోకండి. తొందరపడి మధ్యలో ఆపితే మళ్లీ ఫిట్స్ రావొచ్చు.

ఈలోగా ఇంట్లో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వద్దు. నీళ్లు తాగించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రాత్రిపూట సలహా కావాలంటే మానసిక ఆరోగ్యానికి 14416, మత్తు విముక్తికి 14446 ఉన్నాయి. రెండూ ఉచితమే.

ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ల గురించి మీరు అడగలేదు, అయినా మీ అన్న ఎవరో చెప్పారని అటు చూస్తాడేమోనని రాస్తున్నాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చూపించమని అడగండి. సైకియాట్రిస్ట్ రోజూ వస్తాడా, రాత్రి డాక్టర్ ఉంటాడా, ఇంటివాళ్లను కలవనిస్తారా అని అడగండి. 'మూడు నెలలు మీరు రావద్దు, మేం దారిలో పెడతాం' అనేచోట ఒక్క నిమిషం కూడా నిలబడకండి. అలాగే, తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మానేస్తారని అమ్మే పొడులు. వాటిలో కొన్నింటిలో డైసల్ఫిరామ్ ఉంటుంది. అది కడుపులో ఉండగా కల్లు తాగితే వాంతులు, దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం పోవడం. డాక్టరు చెప్పి, రోగి ఒప్పుకుని తీసుకునే మందు అది. దొంగచాటుగా ఇచ్చేది కాదు.

ఇంటికొచ్చాక ఆరు గంటల సంగతి చూడాలి. మొదటి కొన్ని నెలలు ఆ వేళకు మీ అన్న పని దగ్గరికే వెళ్లి బండి మీద తీసుకురావాలి, కాంపౌండు లేని దారిలో. ఆకలిగా ఉంటే గుంజుడు ఎక్కువవుతుంది, ఇంటికి రాగానే కడుపునిండా పెట్టండి. కూలి డబ్బు చేతికి కాకుండా ఖాతాలో పడేలా పని ఇచ్చేవాళ్లతో మాట్లాడుకోవడానికి నాన్న ఒప్పుకుంటే మంచిది, ఆయన్ని అడక్కుండా చేస్తే మాత్రం గొడవే మిగులుతుంది. ఆస్పత్రి కౌన్సెలింగ్‌కు ఇంటివాళ్లలో ఒకరు తోడు వెళ్లండి. ఆయన మళ్లీ తాగొచ్చు. మత్తు నుంచి బయటపడినవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది ఏదో ఒక దశలో తిరిగి మొదలుపెడతారని అమెరికా జాతీయ మత్తుపదార్థాల పరిశోధన సంస్థ చెబుతోంది. బీపీ, ఆస్తమా రోగులు మందులు మానేసి జబ్బు తిరగబెట్టుకోవడం కూడా ఇంచుమించు అంతే. అప్పుడు అరవకుండా, దాచకుండా, అదే వారం మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక ప్రమాదం మాత్రం ముందే ఆయనకు చెప్పి ఉంచాలి. కొన్నాళ్లు మానేశాక ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. అలవాటు కొద్దీ పాతలాగే ఐదు సీసాలు ఎత్తితే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

ఇక మీ అన్న కొడుకు. నాన్న విషయంలో మెల్లగా అని ఇంత చెప్పాను, పిల్లాడి విషయంలో మాత్రం ఈ రోజు నుంచే పూర్తిగా ఆపించండి. పెద్దవాళ్లకు పావు మిల్లీగ్రాము ఇచ్చే మందు ఆ గుక్కలో ఎంత ఉందో తెలియదు. ఆరేళ్ల ఒంటికి అది శ్వాసను మందగింపజేయొచ్చు. జలుబు తగ్గినట్టు కనిపించేది మత్తుతో పడుకోవడం వల్లే. అప్పుడప్పుడు ఒక గుక్క అయితే ఆపడం వల్ల వాడికి ఇబ్బంది ఏమీ ఉండదు. ఒకవేళ అది రోజూ జరుగుతుంటే, లేదా తాగిన తర్వాత ఎప్పుడైనా లేపినా లేవకుండా పడుకుని ఉంటే, పిల్లల డాక్టరుకు చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ మాట నాన్నతో మీ అన్న కాదు, మీరే చెప్పండి. మధ్యాహ్నం పూట, ఆయన తల తేటగా ఉన్నప్పుడు. మనవడి కోసం అంటే ఆయన వింటాడు.